పాత అద్దమును బండి కప్పునకు అమర్చు విధము

మన సంఘ సభ్యులలో పలువురు కూరగాయలను, పాలను, కోళ్లను పట్టణములకు చేరవేయుటకు పికప్ బండ్లను వాడుచున్నారు. ఎండవానల నుండి సరకును కాపాడుటకై రవాణా శాఖ అనుమతి గైకొని తొట్టిపై రేకు కప్పు వేయించి, వెనుక తలుపునకు వెలుతురు కొఱకు కిటికీ పెట్టించుట కలదు. క్రొత్త అద్దమునకు మారుగా పాతది కొన్నచో ఖర్చు తగ్గును. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఇట్టి పాత సామాను దొరకును. అయితే అద్దమును ముందు కొని కొలతను తరువాత చూచుకొనువారికి డబ్బు నష్టమగును. సందులు విడిచి బిగించువారికి ప్రాణాపాయమే కలుగవచ్చును. ఈ రెంటిని తప్పించుకొను విధమును ఈ పాఠమునందు తెలిపెదము.

1. అద్దపు జాతులు

మోటారు బండ్ల అద్దములు రెండు తెగలు. రెండు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర నుంచి అతికించినది లామినేటెడ్ అద్దము. బాగుగా కాచి గాలితో త్వరగా చల్లార్చినది టఫెన్డ్ అద్దము. వెనుక అద్దములును ప్రక్క అద్దములును చాలవఱకు ఈ రెండవ తెగకు చెందినవి. వీని పైపొరలు బిగిసియుండి, నడిమి భాగము లాగుడులో నుండును. ఆ బిగువే వీని బలము. కోయబోయినను, బెజ్జము వేయబోయినను ఆ బిగువు ఒక్కసారిగా విడిపోయి అద్దమంతయు చిన్న పలుకులగును. కావున సభ్యులు జ్ఞప్తియందుంచుకొనవలసిన సూత్ర మొక్కటే: కంతనుబట్టి అద్దమును కోయరాదు, అద్దమునుబట్టి కంతను కోయవలెను.

2. ఎన్నుకొనుట

అద్దమును సమమైన నేలపై పరుండబెట్టి చూడుడు. నడుమ గాని కొనల గాని ఎత్తుగానున్నచో అది వంపు అద్దము. చదునైన రేకునకు పనికిరాదు. అంచులను వ్రేలితో తడిమి చూడుడు. అంచున పెచ్చు లేచినదానిని కొనరాదు. ఏలయన టఫెన్డ్ అద్దమునకు అంచే బలహీనస్థానము. మూలయందు ఐ.ఎస్.ఐ. ముద్ర కలదేమో చూడుడు. ఇంటి కిటికీ అద్దమును బండికి వాడరాదు. అది పగిలినచో కత్తులవంటి పెంకులగును. అద్దము పాతదైనను రబ్బరు బీడింగు మాత్రము క్రొత్తదే కొనవలెను. పాత రబ్బరు ఎండకు బిరుసెక్కి పగుళ్లిచ్చును.

3. కొలత

బీడింగునకు రెండు గాళ్లుండును: ఒకటి అద్దమునకు, రెండవది రేకునకు. అద్దపు మందమును, రేకు మందమును చూపి తగిన బీడింగును తీసికొనుడు. రెండు గాళ్ల నడుమనున్న రబ్బరు మందమును కొలువుడు. అది 5 మిల్లీమీటర్లయినచో కంత అద్దముకంటె నలుదెసల 5 మిల్లీమీటర్లు పెద్దదిగా నుండవలెను. అనగా 790 మిల్లీమీటర్ల వెడల్పు, 390 మిల్లీమీటర్ల ఎత్తు గల అద్దమునకు కంత 800, 400 మిల్లీమీటర్లుండవలెను. అద్దమును అట్టపై బెట్టి చుట్టును గీచి, ఆ గీతకు వెలుపల 5 మిల్లీమీటర్ల దూరమున రెండవ గీత గీచినచో, మూలల గుండ్రదనము కూడ సరిగా వచ్చును. ఆ అట్టను రేకుపై నుంచి గుర్తువేయుడు. గీతకు కొంచెము లోపలగా కోసి, మిగిలినదానిని ఆకురాయితో గీతవఱకు అరుగదీయుడు. కోసిన అంచునకు రెడ్ ఆక్సైడు పూసి, పైన రంగు వేసి ఆరనీయుడు. లేనిచో రబ్బరు క్రింద త్రుప్పు పట్టును.

4. బిగించుట

ఈ పనికి ఇద్దరు కావలెను. చేతులకు తొడుగులు వేసికొనుడు. బీడింగును ముందుగా అద్దము చుట్టును తొడుగుడు. దాని అతుకు మూలయందు రారాదు. కాలక్రమమున రబ్బరు కుదించుకొనును గనుక కొద్దిగా పొడవుంచి కోయుడు. రేకు గాడిలో గట్టి పురికొస నమర్చి, దాని రెండు కొనలను అడుగు నడుమ ఒకదానిపై నొకటి దాటించి లోపలివైపు వ్రేలాడదీయుడు. రబ్బరునకు సబ్బునీరు పూయుడు. కిరసనాయిలు, గ్రీజు, ఇంజను నూనె పూయరాదు, రబ్బరు చెడును. ఒకరు వెలుపలినుండి అరచేతులతో సమముగా నదుముచుండగా, రెండవవారు లోపలినుండి కొసను మెల్లగా లాగవలెను. రబ్బరు పెదవి రేకుపైకి ఎక్కుచు వచ్చును. సుత్తి నెన్నడును వాడరాదు. బీడింగునకు లాకు బద్ద యున్నచో దానిని చివర దూర్చవలెను.

5. పరీక్ష

నీటిగొట్టముతో అడుగునుండి పైకి క్రమముగా నీరు పోయుచు, లోపల నొకరు చూచుచుండవలెను. పైనుండి పోసినచో కారు చోటు తెలియదు. రాత్రి లోపల దీపమునుంచి వెలుపలినుండి చూచినచో వెలుతురు వచ్చు సందులన్నియు బయటపడును. తలుపు నడుమ కాగితము పెట్టి మూయుడు; కాగితము సులువుగా జారి వచ్చినచో అచ్చట తలుపు రబ్బరు చాలలేదన్నమాట.

6. పొగ భయము

ఈ పరీక్షలు వాననీటికొఱకు మాత్రమే కావు. బండి పరుగెత్తునపుడు వెనుక గాలి యొత్తిడి తగ్గి, సైలెన్సరు పొగ ఆ తావున సుడి తిరుగును. సందు దొరకినచో కప్పు లోనికి చొరబడును. అందలి కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. అది రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి లేకుండ జేయును. అమెరికా దేశమున పికప్ తొట్టిలో ప్రయాణించి ఈ వాయువు బారిన పడిన 20 మంది పిల్లలనుగూర్చి అచ్చటి వైద్యులు 1992లో ప్రకటించిరి. వారిలో పెక్కుమంది మూతబడిన కప్పు క్రింద కూర్చున్నవారే. డీజిలు పొగలో ఈ వాయువు పెట్రోలు పొగలోకంటె తక్కువయే గాని లేకపోలేదు.

కావున సైలెన్సరు కొన కప్పు హద్దు దాటి వెలుపలికి వచ్చునట్లు చేయింపుడు. ప్రయాణమున వెనుక కిటికీని గాని తలుపును గాని తెఱచియుంచకుడు. అద్దము ఎంత బాగుగా బిగిసినను, కూలివాండ్రను, పిల్లలను కప్పు క్రింద ఎక్కింపరాదు; సరకు బండిలో జనమును ఎక్కించుట చట్టవిరుద్ధము కూడ. ఆ తొట్టి సరకునకే గాని మనుష్యులకు గాదు.