ముల్లు, తెల్లకణం, వెలుగు

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు.

కట్టెలకి వెళ్ళినప్పుడు కాల్లో ముల్లు దిగితే ఏటవుతుంది? కాలు వాస్తుంది, తర్వాత చీము పడుతుంది. ఆ చీములో చాలావరకు చచ్చిపోయిన తెల్లకణాలే. అవి మన ఒంటికి కాపలావాళ్ళు. 1882లో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లకి గులాబీ ముల్లు గుచ్చాడు. ఆ పిల్ల ఒళ్ళు అద్దంలాగ ఉంటుంది, లోపలిది కనపడుతుంది. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆయనకి 1908లో ఎర్లిహ్ అనే ఆయనతో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

తెల్లకణం ముల్లు దగ్గరికి ఎలాగ వస్తుంది? రక్తనాళం మన గెడ్డ లాంటిది. అందులో కణాలు కొట్టుకుపోతుంటాయి. గాయం దగ్గర నాళం గోడ జిగురుగా మారుతుంది. తెల్లకణం ముందు గోడమీద దొర్లుతుంది, తర్వాత గట్టిగా అంటుకుంటుంది, ఆ తర్వాత సందులోంచి బయటికి దూరుతుంది. అంటుకోకపోతే గాయం మానదు. అతిగా అంటుకున్నా ప్రమాదమే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఈ అంటుకోవడం చూడాలంటే కష్టం. కణానికి రంగు లేదు. మలేరియా పరీక్షలో రక్తం గాజుపలక మీద ఆరబెట్టి రంగు వేస్తారు. అప్పుడు పురుగు కనపడుతుంది గాని, ఆరిన కణం బతికుండదు. బతికున్న కణం పని చూడాలంటే రంగు లేకుండానే చూడాలి. దానికి వెలుగు ఉంది.

చేసి చూడండి: గాజుగ్లాసు నిండా నీళ్ళు పొయ్యండి. పైనుంచి ఏటవాలుగా నీళ్ళలోకి చూస్తే గ్లాసు గోడ వెండిలాగ మెరుస్తుంది. అవతల పెట్టిన చెయ్యి కనపడదు. ఇప్పుడు తడివేలు బయటినుంచి గట్టిగా నొక్కండి. వేలిగీతలు కనపడతాయి! గాజుకి తగిలిన గీతలే కనపడతాయి, మధ్య సందులు కనపడవు.

శాస్త్రవేత్తల పరికరం కూడా ఇంచుమించు ఇలాంటిదే. దాన్ని బయోసెన్సర్ అంటారు. గాజుమీద పల్చటి బంగారు పూత ఉంటుంది. దాని మందం సుమారు 50 నానోమీటర్లు. మన వెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దాకా ఉంటుంది! కిందనుంచి వెలుగు వేస్తే ఒక కోణం దగ్గర బంగారం ఆ వెలుగుని మింగేస్తుంది. పైన కణం అంటుకుంటే ఆ కోణం కొంచెం జరుగుతుంది. ఆ వెలుగు బంగారం పైకి సుమారు 200 నానోమీటర్లే అందుతుంది. అందుకని పైన తేలే కణాలు లెక్కకి రావు, అంటుకున్నవాటి అరికాళ్ళు మాత్రమే తెలుస్తాయి. కణం ఎంత తొందరగా అంటుకుంది, ఎప్పుడు వదిలింది, అంతా గీతగా వస్తుంది. ఈ వెలుగు పద్ధతిని 1968లో జర్మనీలో ఆటో, క్రెచ్‌మన్ అనేవాళ్ళు చూపించారు.

ఇది మనకెందుకు అంటారా? కొండల్లో మనవాళ్ళలో కొందరికి సికిల్ సెల్ జబ్బు ఉంటుంది. ఎర్రకణం కొడవలిలాగ వంకరౌతుంది. తెల్లకణాలు కూడా నాళం గోడకి అతిగా అంటుకుని, ఆ కొడవళ్ళని పట్టుకుంటాయి. గెడ్డకి చెత్త అడ్డుపడినట్టు రక్తం ఆగిపోతుంది. అప్పుడు భరించలేని నెప్పి. మన దేశంలో ఈ జబ్బుని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. అంటుకోవడాన్ని ఆపే మందులు వెతకడానికి ఇలాంటి పరికరాలు పనికొస్తాయి.

మా తమ్ముడికి ఆ జబ్బు ఉంది. చలికాలంలో కాళ్ళు నెప్పని ఏడిస్తే, బడి ఎగ్గొట్టడానికి నాటకం అన్నారు. నేనూ అన్నాను. అమ్మ ఎజ్జోడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆఖరికి రక్తపరీక్షలో తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాపు లేదు, గాయం లేదు. కనపడని నెప్పి అబద్ధం అనుకున్నాను.

నేస్తాలారా, ఇది అంటువ్యాధి కాదు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తే జబ్బు అవుతుంది. 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. పరీక్షకి వస్తే భయపడకుండా వేలు ఇవ్వండి. జబ్బున్నవాళ్ళకి నీళ్ళు ఎక్కువ తాగించాలి, చలి తగలనివ్వకూడదు, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మేడం గారూ, ఎవరైనా నెప్పి అంటే ముందు నమ్మండి. పరీక్ష తర్వాత చేయిద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని