హాస్టలుకు ఒక్క స్కేట్‌బోర్డు కొంటే ఏ సైజు?

బేరింగుల బండి వడ్డాది పిల్లలకు కొత్త కాదు. షెడ్డులో పారేసిన బేరింగులు, ఒక చెక్క, నాలుగు మేకులు ఉంటే బండి తయారు. 1950లలో అమెరికాలోని కాలిఫోర్నియా పిల్లలు చేసింది కూడా దాదాపు ఇదే. చెక్కకు రోలర్ స్కేట్ల చక్రాలు బిగించి దానిమీద నిలబడ్డారు. ఆ స్కేట్‌బోర్డు 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి చోటు సంపాదించింది. మహిళల స్ట్రీట్ పోటీలో బంగారు పతకం గెలిచిన మొమిజి నిషియాకు అప్పటికి 13 ఏళ్ళు. మన ఎనిమిదో తరగతి వయసే.

పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని హాస్టలుకు ఒక బోర్డు ఇద్దామని మాలో మాట వచ్చింది. (కాస్మెటిక్ ఛార్జీలతో కొనే వస్తువు కాదు కదా!) మూడో తరగతి నుంచి పదో తరగతి వరకు అందరూ ఎక్కే ఆ ఒక్క బోర్డు ఏ సైజుది కావాలి?

చాలామంది ముందు పొడవు చూస్తారు. చూడవలసింది వెడల్పు. నిలబడే చెక్కను డెక్ అంటారు. పెద్దల డెక్ పొడవు సాధారణంగా 31, 32 అంగుళాల దగ్గరే ఉంటుంది, మారేది వెడల్పే. పాదం అడ్డంగా పెట్టి నిలబడతాం కనుక, డెక్ మరీ సన్నగా ఉంటే వేళ్ళూ మడమా బయటకు వేలాడి పట్టు తప్పుతుంది. మరీ వెడల్పయితే చిన్న పాదాలవాళ్ళకు బోర్డును వంచి తిప్పడం కష్టం. చిన్నపిల్లలకు 7.5 అంగుళాల లోపు, ఎదిగే వయసుకు 7.75 వరకు, పెద్ద పాదాలకు 8 నుంచి 8.5 వరకు వాడతారు. ఏటవాలు గోడలమీద తిరిగేవాళ్ళు ఇంకా వెడల్పు కోరుకుంటారు. అందరికీ ఒక్కటే అయితే 7.75 మేలని మా అభిప్రాయం. పదో తరగతివాళ్ళకు కొంచెం ఇరుకు, మూడో తరగతివాళ్ళకు కొంచెం వదులు, ఇద్దరూ సర్దుకోగలరు.

ఆకారం సంగతి. రెండు చివరలా గుండ్రంగా పైకి లేచినది ఎగరడానికి, విన్యాసాలకు. పొడవైన లాంగ్‌బోర్డు దూరం వెళ్ళడానికే, వరండాలో తిరగదు. డెక్ కింద ఉండే ఇరుసు డెక్‌తో దాదాపు సమానమైన వెడల్పు ఉండాలి. మన ఊరి గతుకుల సిమెంటుకు గట్టి చిన్న చక్రాలు పనికిరావు. మెత్తనివి, కాస్త పెద్దవి అడగండి. ప్లాస్టిక్ ఇరుసుల బొమ్మబోర్డు మాత్రం చవకగా వచ్చినా వద్దు. ఒరిగినప్పుడు తిరగదు, బరువుకు విరుగుతుంది. మంచి డెక్ ఏడు పొరల మేపుల్ చెక్క. వానలో నానితే పొరలు విడిపోతాయి, మంచం కింద దాచండి.

ఒక్క బోర్డు వస్తే వరస ఎవరిది? మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో 2015లో స్కేట్‌పార్కు కట్టినప్పుడు రెండు నియమాలు పెట్టారు: బడికి వెళ్ళినవారికే ఆట, ఆడపిల్లలదే మొదటి వంతు. అంతవరకు దూరదూరంగా మసలిన ఆదివాసీ, యాదవ పిల్లలు అదే సిమెంటుమీద కలిసి ఆడారు. ఆ ఊరి ఆశా గోండ్ 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్ళింది. మన హాస్టల్లో వరస పట్టిక రాసేటప్పుడు మూడో తరగతివాళ్ళ పేర్లు అడుగున పడకుండా చూడమని వార్డెన్ గారిని మేమే అడుగుతాం.

చందా లెక్కలో హెల్మెట్ కూడా కలపాలి. కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపు పెట్టి కొలిచి, వెనక బిగించుకునే మర ఉన్నవి చిన్నదొకటి, పెద్దదొకటి తీసుకుంటే సరిపోతుంది.