క్రొత్త తరగతి

మృగశిర కార్తె ప్రవేశించినది. తొలకరి జల్లు పడి గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నల్లరేగడి నేలలు తడిసినవి. వేసవియంతయు నోళ్లు తెరచుకొని యుండిన నెఱ్ఱెలు మూసికొనినవి. రైతులు గొఱ్ఱు, గుంటక సవరించుకొని నేల పదునుకు వచ్చుటకై ఎదురు చూచుచున్నారు. మన పాఠశాలలును ఈ దినములలోనే తెఱవబడును. బాలురు, బాలికలు క్రొత్త పుస్తకములకు అట్టలు వేసికొని, సిరా వాసన ఇంకను పోని పుటలు త్రిప్పుచు, క్రొత్త తరగతిలో కూర్చుందురు.

మొదటి వారమున ఎల్లరును శ్రద్ధావంతులే. వ్రాతపుస్తకము మొదటి పుటలోని అక్షరములు ముత్యములవలె నుండును. పదవ పుట తెఱచి చూచినచో అసలు సంగతి తెలియును. ఎవరినో నిందించుటకై నేనీ మాట వ్రాయుట లేదు. నా వ్రాతపుస్తకములును అట్లే యుండెడివి.

మన ప్రాంతమున విద్యాభ్యాసమునుగూర్చి మాటలాడునపుడు నాకు మొదట స్ఫురించు పేరు టంగుటూరి ప్రకాశము పంతులుగారిది. ఒంగోలు కేంద్రముగా 1970లో ఏర్పడిన జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టిరి. ఆయన 1872 ఆగస్టు 23వ తేదీన వినోదరాయునిపాలెమున జన్మించెను. పదునొకండవ యేట తండ్రి గోపాలకృష్ణయ్యగారు మరణించిరి. తల్లి సుబ్బమ్మగారు పిల్లలను వెంటబెట్టుకొని ఒంగోలు చేరి పూటకూటి యిల్లు పెట్టెను. ఆ కాలమున అది గౌరవప్రదమైన వృత్తిగా నెంచబడెడిది కాదు. చుట్టములు, పక్కములు చులకనగా చూతురని ఆమె యెఱుగును. అయినను పొయ్యి వెలిగించెను. ఆ రాబడి చాలక ప్రకాశము వారములు చేసికొని తినెను. అనగా, వారమునందు ఒక్కొక్క దినమున ఒక్కొక్కరి యింట భోజనము చేయుచు చదువుకొనెను.

ఇమ్మనేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయుడు ఈ బాలుని తెలివిని గుర్తించి, మిషన్ పాఠశాలలో జీతము లేకుండ చేర్పించెను. పరీక్షకు మూడు రూపాయలు రుసుము కట్టవలసి వచ్చెను. బాలుడు బావగారి యూరికి పోయి అడిగెను. అచ్చట లేదనిపించుకొని వట్టి చేతులతో తిరిగి వచ్చెను. అప్పుడు తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలును అతని చేతిలో పెట్టెను.

ఇంతవరకు విన్నవారు, ఇట్టి బాలుడు రేయింబవళ్లు పుస్తకము విడువని బుద్ధిమంతుడని తలంతురు. కాని ప్రకాశము అట్టివాడు కాడు. ఆటలయందును, నాటకములయందును మిక్కిలి మక్కువ. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి నాటకములలో వేషములు కట్టెను. అల్లరి మూకలతో తిరిగెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఒకమారు తప్పెను. మహనీయుల చరిత్రలు వ్రాయువారు ఇట్టి సంగతులను సాధారణముగా దాటవేయుదురు. అట్లు దాటవేయుట విద్యార్థులకు మేలు కాదని నా అభిప్రాయము. పరీక్ష తప్పిన విద్యార్థి ప్రతి తరగతిలోను ఉండును. తప్పినవారెవ్వరును పైకి రాలేదని అతడు నమ్మినచో, ఆ నష్టము మార్కుల నష్టముకంటె పెద్దది.

నాయుడుగారు రాజమహేంద్రవరమునకు మకాము మార్చినపుడు శిష్యుని తమ వెంట గొనిపోయి అచ్చట చదివించిరి. పిదప ప్రకాశము మద్రాసునకు పోయి న్యాయశాస్త్రము చదివి, రెండవ తరగతి ప్లీడరై, రాజమహేంద్రవరమున వృత్తి నారంభించెను. సంపాదన పెరిగెను. 1904 నాటికి ఆయన ఆ పట్టణపు పురపాలక సంఘాధ్యక్షుడయ్యెను. ఇక కావలసినదేమి? అయితే రెండవ తరగతి ప్లీడరు పై న్యాయస్థానములలో వాదింపరాదు. ఆ కొఱత ఆయనను బాధించెను. ముప్పది యేండ్లు దాటిన వయస్సున, చక్కగా సాగుచున్న వృత్తిని విడిచి, సముద్రము దాటి లండను చేరి, మరల విద్యార్థుల నడుమ కూర్చుండెను. ఒకప్పుడు మెట్రిక్యులేషన్ తప్పిన ఆయనయే బారిష్టరు పరీక్షలో గౌరవపత్రము పొంది 1907లో తిరిగి వచ్చి, మద్రాసులో వృత్తి సాగించెను. స్వరాజ్య పత్రిక, సైమన్ కమిషన్ నాటి ధైర్యము, 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి పదవి, ఇవి యన్నియు మీరు చరిత్రలో చదువుదురు. నాకు మాత్రము వానికంటె లండనునందలి ఆ బల్లయే ఎక్కువగా తలంపునకు వచ్చుచుండును. క్రొత్త తరగతి యనగా అదియే కదా!

ఇక చదువు విషయము. మనము చదివినది ఎందుకు మఱచిపోవుదుము? జర్మనీ దేశమున హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు ఈ ప్రశ్నను తనమీదనే పరీక్షించుకొనెను. అర్థములేని అక్షరపు ముక్కలను వరుసలుగా కూర్చి, కంఠస్థము చేసి, ఇరువది నిమిషములకు, గంటకు, దినమునకు, నెలకు ఎంత నిలిచినదో లెక్క కట్టెను. ఆ ఫలితములను 1885లో ప్రకటించెను. గుంటూరున ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైనదియు ఆ సంవత్సరముననే. ఆయన కనుగొనిన దేమనగా, నేర్చినదానిలో సగమునకు పైగా మొదటి గంటలోనే జాఱిపోవును. ఆ మీదట మఱపు నెమ్మదించును. మఱియు, ఒకే దినమున పెక్కుమార్లు వల్లించుటకంటె, ఆ వల్లెను కొన్ని దినములకు పంచినచో తక్కువ శ్రమతో పాఠము నిలుచును.

మిరప నారు నాటిన రైతు ఒక్కనాడు కడవల కొలది నీరు పోసి, నెల దినములు చేనివైపు చూడక యుండునా? వేరు నిలదొక్కుకొనువఱకు తడి చూచుకొనుచునే యుండును. కావున నేడు విన్న పాఠమును నేటి సాయంకాలమే ఒకమారు తలచుకొనవలెను. రెండు మూడు దినములు గడచిన పిదప మరల తలచుకొనవలెను. తలచుకొనుట యనగా పుస్తకము తెఱచి కన్నులు పరుగెత్తించుట కాదు. పుస్తకము మూసి, ఏమి గుర్తున్నదో చెప్పుకొని, ఆ పిమ్మట తెఱచి తప్పు దిద్దుకొనవలెను. మూసిన పుస్తకము మన గర్వమును కొంత అణచును. అందుకే పలువురు ఆ పని చేయరు.

మన ప్రాంతపు విద్యార్థికి మఱియొక చిక్కు కలదు. ప్రత్తి విత్తు తొలకరిలో పడును. మిరప నారు పోసి, శ్రావణ భాద్రపదములలో నాటుదురు. ప్రత్తితీతలు కార్తికమునుండి సాగును. సంక్రాంతి వెళ్లగానే మిరపకోతలు ముమ్మరమగును. చేలన్నియు ఎఱ్ఱబారును. కల్లములలో కాయలు ఆరబోయుదురు. గుంటూరు మిర్చియార్డుకు బస్తాలు బండ్లెక్కి పోవును. సరిగా ఆ నెలలలోనే సంవత్సరాంత పరీక్షలు దగ్గఱపడును. కూలివారి యిండ్లలో ప్రతి చేయియు విలువైనదే. కర్నూలు వైపునుండి కుటుంబములు కుటుంబములే కోతలకు వలస వచ్చి, చేల గట్లమీద గుడిసెలు వేసికొందురు. వారితోడి పిల్లల బడి వెనుక ఊరిలోనే నిలిచిపోవును. ఆరునుండి పదునాలుగేండ్ల బాలబాలికలందఱకు ఉచిత నిర్బంధ విద్య హక్కని చెప్పు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులో నున్నది. అయినను కోతల కాలమున హాజరుపట్టిక చూచిన ఉపాధ్యాయునకు సంగతి బోధపడును.

నేను పనిచేసిన ఒక గ్రామమున ఎనిమిదవ తరగతి బాలిక యొకతె సంక్రాంతి సెలవుల పిదప బడికి రాలేదు. నేను వారి యింటికి పోతిని. తల్లి నిలుచుండి, "కోతల కాలమండీ పంతులుగారూ! ఇప్పుడు నాలుగు రాళ్లు కళ్ల చూడకపోతే బాకీ ఎట్లా తీరుతుంది? పరీక్షలకు పంపుతానండీ" అనెను. నాకు కోపము వచ్చినమాట నిజము. కాని ఆ బాకీ తీర్చు ఉపాయమును నేను చెప్పలేకపోతిని. చివరకు వారమునకు మూడు దినములైన పంపుమని బతిమాలి, ఒప్పించి వచ్చితిని.

మిగిలిన మూడు దినముల చదువు రాత్రివేళ సాగవలెను. అచ్చట నాకు తెలియని కష్టమొకటి బయటపడెను. పగలంతయు మిరపకాయ కోసిన చేతులు మండుచుండును. కొబ్బరినూనె వ్రాసికొనినను ఘాటు పోదు. ఆ చేతితో పొరపాటున కన్ను తాకినచో ఇక ఆ రాత్రికి పుస్తకము లేదు. అందుచేత ప్రక్కయింటి స్నేహితురాలు ప్రతి సాయంకాలము కల్లమునకు వచ్చి, ఆనాటి పాఠములోని ప్రశ్నలు అడిగెడిది. ఆ బాలిక తాలుకాయలు ఏరుచు జవాబులు చెప్పెడిది.

"ఏమే, నిన్న చెప్పినదే మరల అడుగుచున్నావు?"

"నిన్న తప్పు చెప్పితివి కనుక."

జర్మనీ పండితుని పేరు వారిరువురును వినలేదు. వినిన నేను నా చిన్ననాట ఏనాడును అట్లు చదువలేదు.

ఆమెకు ఆ కోతలు చదువునకు మేలు చేసినవని నేననను. క్షేత్రగణితము ఆమె తరగతిలో వినకుండనే గడచిపోయెను. దానిని ఎవ్వరును కల్లములో నేర్పలేరు. జూన్‌నుండి సంక్రాంతివఱకు గల ఏడు నెలలలో కఠినమైన పాఠములు ముందుగా చెప్పి యుండిన బాగుండునని నాకు అప్పుడు తోచెను. ఆ మఱుసటి యేట గణితపు వరుసను నేను మార్చితిని. శ్రావణమాసము ముగియులోపలనే క్షేత్రగణితము మొదలు పెట్టితిని. కోతలకు పోవువారెవరో జూన్‌లోనే పిల్లలను అడిగి తెలిసికొని, వారి ప్రక్కన ఇంటికి దగ్గఱగా నుండు తోడువారిని కూర్చుండబెట్టితిని.

ఆ బాలికకు పరీక్షలో గణితమున 42 మార్కులు, తెలుగున 71 మార్కులు వచ్చినవి. తల్లి మాట నిలుపుకొని పరీక్ష దినములన్నిటను ఆమెను కోతకు పంపలేదు. తరువాతి జూన్ మాసమున తొలకరి కొంచెము ఆలసించెను. తొమ్మిదవ తరగతి హాజరుపట్టికలో ఆమె పేరు మూడవది. పిలువగానే "వచ్చితినండీ" అని లేచి నిలుచుండెను.