సముద్రపు ఒడ్డున జెర్రి కనిపిస్తే...

ప్రశ్న: కాకినాడ నుంచి వెళ్లి స్కాట్లాండ్‌లో స్థిరపడిన ఓ పాఠకురాలి సందేహం ఇది. జూన్‌లో ఈశాన్య తీరంలోని బ్రోరా ఒడ్డుకి వెళ్లినప్పుడు వాళ్ల అయిదేళ్ల బాబు గులకరాళ్లు తిరగేసి, సన్నటి ఎర్రటి జెర్రినొకదాన్ని అరచేతిలో పెట్టుకున్నాడట. ‘‘దద్దురు లేదు, వాపు లేదు. అయినా భయంగా ఉంది. సంక్రాంతికి ఊరొస్తున్నాం. అక్కడ జెర్రి కరిస్తే ఏం చెయ్యాలి?’’ అని ఆవిడ అడుగుతున్నారు.

జవాబు: బాబు గురించి బెంగ అక్కర్లేదు. ఆ జెర్రి పేరు స్ట్రిగామియా మారిటిమా. వాయవ్య ఐరోపా తీరాల్లో, పోటు నీళ్లు తాకే మేర గులకరాళ్ల సందుల్లో, కొట్టుకొచ్చిన నాచు కింద ఉంటుంది. పొడవు నాలుగు సెంటీమీటర్లు, కాళ్లు 50 జతలకు అటూ ఇటూ. కళ్లు లేవు. 2014లో దీని జన్యుపటం వెలువడింది. బ్రోరా దగ్గర ఏరిన జెర్రులతోనే ఆ పని చేశారు. వెలుతురును పసిగట్టే జన్యువులు కూడా దీనికి లేవని అప్పుడే తేలింది. వేసవి మొదట్లో తల్లి జెర్రి గుడ్లను చుట్టుకుని కాపలా కాస్తుంది. జెర్రులన్నిటికీ ఉన్నట్టే దీనికీ విషం ఉంది గానీ, ఆ కోరలు ఒడ్డున తిరిగే బుల్లి జీవుల వేటకు సరిపడేవే. పిల్లవాడి చేతులు కడిగిస్తే చాలు, జెర్రిని మళ్లీ రాయి కిందే వదిలెయ్యాలి.

ఊళ్లో సంగతి వేరు. కట్టెల మోపుల కింద, తాటాకుల్లో, తడి గోడల పగుళ్లలో తిరిగేవి స్కోలోపెండ్రా జాతి జెర్రులు. పది సెంటీమీటర్లు దాటి పెరుగుతాయి. తోకతో కుడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి తల కిందున్న మొదటి జత కాళ్లే విషపు కోరలుగా మారి ఉంటాయి. కరిచిన క్షణంలోనే నిప్పు పెట్టినట్టు మంట, ఎర్రదనం, వాపు. ప్రాణం పోవడం చాలా అరుదు.

గాయాన్ని సబ్బు నీళ్లతో కడగాలి. ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో పావుగంట, అరగంట ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. నీటి వేడిని కరవని చేత్తోనే చూడాలి, లేకపోతే చర్మం కాలుతుంది. వేడి పడకపోతే గుడ్డలో చుట్టిన ఐసు పెట్టొచ్చు. పారాసెటమాల్, అవసరమైతే టెటనస్ ఇంజెక్షను. కోసి రక్తం తియ్యడం, సున్నమో కిరోసినో పుయ్యడం వద్దు. ఒంటినిండా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, కళ్లు తిరగడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

అసలు ప్రమాదం మరొకటుంది. జెర్రి కాటుకీ రెండు గాట్లే, పాము కాటుకీ రెండు గాట్లే. రాత్రి నేలమీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిస్తే నొప్పే తెలియకపోవచ్చు. వలలో చిక్కిన సముద్రపు పాము కాటూ అంతే. కరిచిందేమిటో కళ్లతో చూడనప్పుడు ‘జెర్రేలే’ అని సరిపెట్టుకోకుండా, నొప్పి ఉన్నా లేకపోయినా పాము కాటుగానే భావించి ఆసుపత్రికి వెళ్లండి.