చిన్న గదిలో పెద్ద వేడి

1949 నవంబరులో సిడ్నీలోని రేడియోఫిజిక్స్ ప్రయోగశాలలో ఆస్ట్రేలియా దేశపు తొలి కంప్యూటరు మొదటిసారిగా లెక్క చేసింది. ట్రెవర్ పియర్సీ, మాస్టన్ బియర్డ్‌ల నాయకత్వంలో రూపొందిన ఆ యంత్రమే తరువాత సైరాక్ అన్న పేరుతో ప్రసిద్ధి పొందినది. దానిలో సుమారు 2000 వాల్వులుండేవి. అది 30 కిలోవాట్ల విద్యుత్తును వినియోగించేది. 1955లో మెల్బోర్న్ చేరి, 1964 వరకు సేవలందించిన ఆ యంత్రం నేడు మ్యూజియమ్స్ విక్టోరియా సంరక్షణలో ఉన్నది.

నేడు ఒక వైద్యుని క్లినిక్కులో, ఒక చిన్న కార్యాలయంలో మూలగదిలో అమర్చే సర్వరు, స్విచ్చి, రూటరు కలిసి 1.5 కిలోవాట్లు తీసుకొన్నాయనుకొందాం. యంత్రాల పరిమాణం తగ్గినది గాని ప్రకృతి సూత్రం మారలేదు. శక్తి నశించదు, రూపం మాత్రమే మార్చుకొంటుంది. యంత్రాలు గ్రహించిన విద్యుత్తు దాదాపు అంతా చివరకు ఉష్ణంగా ఆ గదిలోనే చేరుతుంది. అనగా ఆ గదిలో 1.5 కిలోవాట్ల హీటరు మండువేసవిలో సైతం రాత్రింబవళ్ళు వెలుగుతున్నట్లే.

మొదటి లెక్క విద్యుత్తుది. ఆస్ట్రేలియాలో సరఫరా 230 వోల్టులు. సాధారణ గోడ ప్లగ్గు 10 ఆంపియర్లకు ఉద్దేశించినది. రెండింటినీ హెచ్చవేస్తే 2300 వాట్లు. ఇది గరిష్ఠ పరిమితి. దాని అంచు వరకు పోకుండా కొంత వెసులుబాటు ఉంచుకోవాలి. కొత్త సర్క్యూటు అవసరమైతే లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే వేయించాలి.

రెండవ లెక్క గాలిది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు గల గదిలో 15 ఘనపు మీటర్ల గాలి, అనగా సుమారు 18 కిలోగ్రాములు ఉంటుంది. దానిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 18 కిలోజౌళ్ళు చాలును. 1.5 కిలోవాట్ల ఉష్ణానికి ఇది 12 సెకన్ల పని! గోడలు, ఇనుప చట్రాలు కొంత వేడిని పీల్చుకొనడం వల్ల వాస్తవంలో ఇంత వేగం ఉండదు. అయినా వ్యవధి స్వల్పమే. గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కేటట్లు ఈ ఉష్ణాన్ని బయటికి పంపాలంటే సెకనుకు దాదాపు 125 లీటర్ల గాలి ప్రవహించాలి. బయట 40 డిగ్రీల ఎండ ఉన్ననాడు ఫ్యాను ఒక్కటే చాలదు. ఎయిర్ కండిషనరు తప్పదు.

మూడవది తరచుగా మరచిపోయే విషయం. యంత్రాలను యు.పి.ఎస్.కు కలిపి, ఎయిర్ కండిషనరును కలపకుండా వదలుతారు. కరెంటు పోయినపుడు వేడి పుట్టించేవి నడుస్తాయి, చల్లబరచేది ఆగుతుంది. అంతేకాక, లెడ్-యాసిడ్ బ్యాటరీలో రసాయన చర్యలు ఉష్ణోగ్రతతో వేగం పుంజుకొంటాయి. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు దాని ఆయుర్దాయం సుమారు సగమవుతుంది. ఆపదలో ఆదుకోవలసినదే ముందుగా క్షీణిస్తుందన్న మాట.

ఇది చిన్న గదులకే పరిమితమైన సమస్య కాదు. 2023 ఆగస్టు 30న సిడ్నీ ప్రాంతంలో విద్యుత్ వోల్టేజి క్షణకాలం పడిపోగా, మైక్రోసాఫ్ట్ డేటా కేంద్రమొకదానిలో కొన్ని శీతలీకరణ యంత్రాలు ఆగిపోయాయి. ఉష్ణోగ్రత పెరగడంతో కొన్ని కంప్యూటర్లను నిలిపివేయవలసి వచ్చినది.

కావున గది ఏర్పాటు చేసేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సాయంత్రాలు, సెలవు దినాలలో భవనపు ఎయిర్ కండిషనింగ్ ఆపివేస్తే ఈ గది గతి ఏమి? కరెంటు తిరిగి వచ్చినపుడు చల్లని యంత్రం తనంతట తానే మొదలవుతుందా? వేడి పెరిగితే ఎవరికైనా కబురు అందుతుందా? వీటికి సమాధానం దొరికిన తరువాతనే యంత్రాలను కొనడం వివేకం.