పాత కంప్యూటర్‌కి రెండో మెదడు

స్టోరు రూములో బియ్యం బస్తాల పక్కనున్న కంప్యూటర్ని తుక్కువాడికి ఇస్తారంట. అంతకుముందు ఇది చదవండి.

1984-85లో మన దేశంలో క్లాస్ అనే పథకం కింద 250 బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. దాని మెదడు 6502 అనే చిప్పు. 40 కాళ్ళుంటాయి. ఇష్టం కొద్దీ కొందరు వాటిని ఇప్పటికీ బాగుచేసి వాడుతున్నారు.

చాలాసార్లు చిప్పు చెడదు, కాళ్ళకి చిలుం పడుతుంది. కొల్లేటి గాలికి మన ట్రంకుపెట్టె తాళాలు పట్టేసినట్టే. కరెంటు తీసేసి, రెండు చివర్లా కొంచెం కొంచెంగా లేపాలి. ఒకవైపే లాగితే కాళ్ళు వంగిపోతాయి. తుడిచి, గాడి చూసుకుని మళ్ళీ అదేవైపు నొక్కాలి. తిరగేసి పెట్టారో, చిప్పు కాలిపోవచ్చు! మా అయ్యకి అక్షరాలు రావు గానీ మూగబోయిన రేడియోని ఇలాగే పలికిస్తాడు.

ఆ మిషను అడుగున ట్యూబ్ అనే జాయింటు ఉంది. అక్కడ రెండో ప్రాసెసర్ తగిలించొచ్చు. అప్పుడు పాతది కీబోర్డు, తెర చూసుకుంటుంది, కొత్తది లెక్కలు చేస్తుంది. మన మెస్సులో ఒకరు వండితే ఒకరు వడ్డించినట్టు. 1985 ఏప్రిల్ 26న ఇంగ్లాండులో మొట్టమొదటి ఆర్మ్ చిప్పుని అలా తగిలించే నడిపి చూశారు. ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఉండేది ఆ జాతి చిప్పే. ఈమధ్య అదే జాయింటుకి రాస్ప్‌బెర్రీ పై తగిలిస్తున్నారు. అందులోదీ ఆర్మే, మనవడు తాతింటికి వచ్చినట్టు!

మన స్టోరులోది ఆ రకం కాదు. అయినా ర్యామ్ కార్డు ఒకసారి తీసి, తుడిచి పెట్టి చూస్తాం. వార్డెన్ మేడంగారూ, ఆదివారం దాకా ఆగండి. సైన్సు సారు స్క్రూడ్రైవరు ఇస్తానన్నారు.