పట్టా చేతికందు వేళ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్న విద్యార్థి చిత్తమున ఆశయు ఆందోళనయు వేర్వేరుగా ఉండవు. గ్రూపు-2 వ్రాయుదునా, హైదరాబాదు పోయి కోచింగులో చేరుదునా, బి.ఇడి. చేయుదునా అను ప్రతి తలంపును పగలు ఆశగా పుట్టి, రాత్రికి భయముగా మారుచున్నది.

ఇది నేటి తరమునకే వచ్చిన కష్టము కాదు. 1909లో తెనాలిలో జన్మించిన రచయిత కొడవటిగంటి కుటుంబరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో ఎమ్మెస్సీ చదువుచుండగా, ఆర్థికమాంద్యము మూలమున 1930లో ఆ చదువు నడుమనే నిలిచిపోయెను. పిమ్మట గుమాస్తాగిరి, ఉపాధ్యాయత్వము, పత్రికల కొలువులు. 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు ‘చందమామ’ పత్రికలో కొలువు. చదువు ఆగిన వారందరును కుటుంబరావులు కాలేదు గనుక దీనిని ఊరడింపు కథగా నేను చెప్పను. అర్ధాంతరముగా విడిచిన శాస్త్రము తరువాత ఆయన వైజ్ఞానిక వ్యాసములకు అక్కరకు వచ్చినదన్న అంశమొక్కటే మనకు పనికివచ్చునది.

పోటీపరీక్షలకు కూర్చుండదలచినవాడు ఎన్ని సంవత్సరములు కూర్చుండునో మొదటి పుస్తకము కొనకమునుపే నిశ్చయించుకొని, ఆ గడువును ఇంటివారికిని చెప్పవలెను. గడువులేని ప్రయత్నములో ప్రతి వాయిదాయు కొత్త ఆశవలె కనబడి వయస్సును హరించును. ఆ కాలములోనే ఏదో యొక పని చేత నుండుట మేలు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద పట్టభద్రులకును స్టైపెండుతో కూడిన శిక్షణ కలదు; మనవారిలో దరఖాస్తు పెట్టువారు తక్కువయని నా అనుమానము.

ఇక చుట్టుపట్ల చూడుడు. రేపల్లె, నిజాంపట్నము వైపు రొయ్యల చెరువులున్నవి; నీటిలోని ఉప్పదనము, ప్రాణవాయువు, అమ్మోనియా కొలిచి చెప్పగలవాడు అచట కావలసినవాడు, ఆ పనికి పునాది రసాయన, జంతుశాస్త్రముల డిగ్రీలోనే కలదు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల నెలకొనెను. 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, బాపట్ల పరిశోధనా ఫలమే. ఒక్కొక్క పంటకు ఇంచుమించు 150 దినములు పట్టు ఆ వరిని రూపొందించినవారు ఎన్ని పంటకాలములు వేచిరో, విత్తన, భూసార పరీక్షాశాలలలో కొలువు కోరువాడు ఊహించుకొనవచ్చును. పట్టణపు సాఫ్ట్‌వేరు కొలువునే కొలువనుకొను బంధువుల మాట ఇచట అంత లెక్కింపదగినది కాదు.

నిద్రపట్టక, తిండి సహింపక వారములు గడచుచున్నచో దానిని బద్ధకమని ఎవరన్నను నమ్మవలదు. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన మానసికారోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఏ వేళనైనను రుసుము లేకుండ తెలుగులో మాట్లాడవచ్చును.